ఇంట్లో పియానో, గొంతు: తక్కువ ఖర్చు రికార్డింగ్‌లో తేలినవీ తేలనివీ

కీబోర్డు వాయిస్తూ పాడుకునేవాళ్లు తెలుగు ఇళ్లలో బాగా కనిపిస్తున్నారు. సినిమా పాటలను తమ తీరులో పాడి పెట్టేవాళ్లు, చర్చి బృందానికి కొత్త కీర్తనలు కట్టేవాళ్లు, లలిత గీతాలకు సొంత బాణీలు చేసుకునేవాళ్లు, విదేశాల్లో పిల్లలకు పియానో నేర్పిస్తూ తెలుగు పాటలు పాడించేవాళ్లు. వీళ్లలో ఎవరైనా "తక్కువ ఖర్చులో ఇంట్లో రికార్డింగ్ పెట్టుకోవాలంటే ఏం కొనాలి?" అని నలుగురిని అడిగితే వచ్చే జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. కండెన్సర్ మైకు లేనిదే పని కాదని ఒకరంటే, మామూలు గదిలో కండెన్సర్ పెడితే వీధి వీధంతా వినిపిస్తుందని మరొకరు అంటారు. యూఎస్‌బీ మైకు చాలని ఒకరు, మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కు చేర్చే ఆడియో ఇంటర్‌ఫేస్ కొనకపోతే ఆ డబ్బు దండగని ఇంకొకరు.

ఈ జవాబుల్లో తప్పులు తక్కువే. చెప్పేవాళ్ల గది, వాద్యం, పాడే పద్ధతి వాళ్ల జవాబులో కలిసిపోయి ఉంటాయి. అడిగినవాళ్లకు అవి కనిపించవు, చిక్కంతా అక్కడే వస్తోంది. ఈ వాదాలన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే మైకు ఎంపిక కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: పియానో, గొంతు ఒకేసారి రికార్డు చేయాలా, విడివిడిగానా? గదికి ఎంత ఖర్చు పెట్టాలి, ఎన్ని మైకులు కావాలి, ఇంటర్‌ఫేస్‌కు ఎన్ని ఇన్‌పుట్లుండాలి అన్నవన్నీ ఆ జవాబును బట్టే మారతాయి.

స్టూడియో ఇంటికి వచ్చిన దారి

1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటను రికార్డు చేసినప్పుడు మైకే లేదు. ఒక కొమ్ముబూరలోకి పాడడమే. ఎవరి శబ్దం ఎంత పెద్దగా వినపడాలన్నది ఆ బూరకు ఎవరు ఎంత దగ్గరగా ఉన్నారన్నదాన్ని బట్టి ఉండేది. మైకు వచ్చాక కూడా మద్రాసు సినిమా స్టూడియోల్లో చాలాకాలం గాయకులు, వాద్యబృందం ఒకేసారి పాడి వాయించారు. ఎక్కడో ఒక వయొలిన్ తప్పితే పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాల్సిందే.

విడివిడిగా రికార్డు చేసి ఒకదానిపై ఒకటి పేర్చే పద్ధతికి ఇంటితో మొదటినుంచీ సంబంధం ఉంది. అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్ తన ఇంట్లోనే ఈ ప్రయోగాలు చేశాడు. భార్య మేరీ ఫోర్డ్ గొంతును పొరలు పొరలుగా పేర్చిన వాళ్ల రికార్డులు 1950ల మొదట్లో ఎంతో పేరు తెచ్చుకున్నాయి. 1957లో ఆంపెక్స్ కంపెనీ ఆయనకు ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం అందజేసింది. అది మామూలు మనిషి కొనగలిగేది కాదు. 1979లో టాస్కామ్ కంపెనీ మామూలు క్యాసెట్ మీదే నాలుగు ట్రాకులు పట్టే పోర్టాస్టూడియో తెచ్చాక ఇంట్లో రికార్డింగ్ చాలామందికి అందుబాటులోకి వచ్చింది. 1982లో అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని తన పడకగదిలో ఆ యంత్రంతో, రెండు షూర్ ఎస్ఎం57 మైకులతో నమూనాగా పాటలు పాడుకున్నాడు. తర్వాత బృందంతో మళ్లీ వాయించి చూసినా ఆ క్యాసెట్‌లోని భావం రాలేదు. చివరికి ఆ క్యాసెట్టే "నెబ్రాస్కా" ఆల్బమ్ అయింది.

పియానో వాయించేవాళ్లకు మాత్రం అసలు మలుపు 1983లో మిడి రూపంలో వచ్చింది. వేరువేరు కంపెనీల కీబోర్డులు ఒకే భాషలో మాట్లాడుకునే ఏర్పాటు అది. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారమే ఇందులో నమోదవుతుంది, శబ్దం కాదు. దక్షిణాదిలో దాని ఫలితం త్వరగానే తెలిసింది. 1989లో ఎ.ఆర్. రెహమాన్ మద్రాసు కోడంబాక్కంలోని ఇంటి పెరట్లో పంచతన్ రికార్డ్ ఇన్ పెట్టుకున్నారు. 1992లో వచ్చిన "రోజా" సంగీతం వెనక ఆ స్టూడియో ఉంది. దాన్ని తక్కువ ఖర్చు వ్యవహారం అనలేం. అయినా సంగీత దర్శకుడి ఇల్లే స్టూడియో కాగలదన్న నమ్మకం ఇక్కడ బలపడడానికి అది తోడ్పడింది. 2000లో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా వచ్చింది, 2004లో గ్యారేజ్‌బ్యాండ్ యాపిల్ కంప్యూటర్లలో చేరింది. అప్పటినుంచి సాఫ్ట్‌వేర్ ఖర్చు ఎవరికీ అడ్డు కాలేదు. రీపర్ అనే సాఫ్ట్‌వేర్ సొంతానికి వాడుకునేవాళ్లకు 60 డాలర్లు, దానికి మించి కొనాల్సిన అవసరం తొలి రెండేళ్లలో దాదాపు ఎవరికీ రాదు.

గది ముందా, మైకు ముందా

ఈ వాదం పాతదే అయినా ఇందులో ఒక పక్షానిదే పైచేయి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరంలో మాట ముక్క అర్థమయ్యేది కాదు. పలికిన శబ్దం ఐదున్నర సెకన్లదాకా మోగుతూనే ఉండేది. ఆ చిక్కు విప్పమని వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. పక్క థియేటర్ కుర్చీల పరుపులు రాత్రిపూట మోసుకొచ్చి, మందిరంలో వరుసలుగా పేర్చి, శబ్దం ఎంతసేపటికి చచ్చిపోతోందో కొలిచి, తెల్లవారేలోపు మళ్లీ పరుపులు తిరిగి చేర్చేవాడు. గది ఘనపరిమాణం పెరిగితే మోత పెరుగుతుంది, శబ్దాన్ని పీల్చే వస్తువులు పెరిగితే తగ్గుతుంది అన్న సూత్రం ఆ పరుపుల నుంచే పుట్టింది.

ఆ సూత్రాన్ని మన ఇళ్లకు వర్తింపజేద్దాం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గది. సిమెంటు గోడలు, టైల్స్ నేల, స్లాబు. ఖాళీగా ఉంటే లెక్క ప్రకారం మోత మూడు సెకన్లకు దగ్గరగా ఉంటుంది. తలుపులు, మంచం, బీరువా కొంత తగ్గిస్తాయి. అందులో పది చదరపు మీటర్ల మేర మందపాటి బొంతలు, పరుపులు నిలబెడితే అది ఒక సెకను లోపలికి దిగుతుంది. ఇంట్లో ఉన్న బొంతలకు ఖర్చు సున్నా. గొంతు రికార్డింగ్‌లో ఇంతటి తేడా పదివేల రూపాయల మైకు కూడా తేలేదు. చాలామంది గోడకు అతికించే గుడ్ల అట్టలు శబ్దాన్ని అంతగా పీల్చవు. వాటికి మందమూ లేదు, బరువూ లేదు. అదే గోడకు పాత పత్తి పరుపు ఆనిస్తే ఫలితం వెంటనే చెవికి తెలుస్తుంది.

మరి ఎదుటి పక్షం వాదనలో పస లేదా? ఉంది. బొంత పైస్థాయి, మధ్యస్థాయి శబ్దాలనే పీలుస్తుంది, కింది స్థాయి దానికి లొంగదు. పైగా పది అడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఊగిసలాడి గుయ్యిమంటుంది. పియానో మీద ఎడమ నుంచి రెండో "ఎ" మెట్టు స్థానం 55 హెర్ట్జ్. గది వెడల్పూ ఎత్తూ రెండూ పది అడుగులే అయితే ఆ ఒక్క మెట్టు మిగతావాటిని ముంచేస్తుంది. మనిషి గొంతు అంత కిందికి దిగదు కాబట్టి పాటకు ఈ బెడద లేదు. నిజమైన పియానోకు మైకు పెట్టేవాళ్లకే ఇది పెద్ద సమస్య. అందుకే గదికి ఎంత ఖర్చు పెట్టాలన్నది గదిని చూసి మాత్రమే చెప్పలేం, అందులో ఏ వాద్యం మోగుతుందో కూడా తెలియాలి.

కండెన్సర్, డైనమిక్, యూఎస్‌బీ

1966 నుంచి వేదికల మీద నిలిచిన షూర్ ఎస్ఎం58 డైనమిక్ రకం. దగ్గర నోటిని బాగా పట్టుకుంటుంది, దూరపు శబ్దాన్ని అంతగా పట్టించుకోదు. 15 కిలోహెర్ట్జ్ దాటాక దాని స్పందన పడిపోతుంది. ఆడియో-టెక్నికా ఏటీ2020 వంటి చవక కండెన్సర్ 20 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది, ఊపిరి అంచులు కూడా వినిపిస్తాయి. దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందాలి. గదిని సిద్ధం చేసుకున్నవాళ్లకు కండెన్సర్, చేసుకోలేనివాళ్లకు డైనమిక్ అన్నది అనుభవజ్ఞులు చాలామంది ఒప్పుకునే మాట. పక్కన రోడ్డు, ఎదురింట్లో టీవీ ఉన్నచోట డైనమిక్ మైకు తీసుకుని నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టుకుని పాడడమే నయం.

మైకు సొంత రొద గురించి జరిగే వాదంలో మాత్రం సమతూకం లోపించింది. రోడ్ ఎన్‌టీ1 సొంత రొద 4.5 డెసిబెళ్లు, ఏటీ2020ది 20. కాగితం మీద ఇది పెద్ద తేడా. కానీ నడిరేయి మూసిన పడకగదిలో కూడా రొద 20ని దాటే ఉంటుంది, సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే దానికి ఎంతో పైన ఉంటుంది. ఫ్యాన్ ఆపకుండా రొద తక్కువ మైకు కొనడం వృథా. మే నెలలో ఫ్యాన్ ఆపి పాడడం ఎంత కష్టమో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. కాబట్టి తెల్లవారుజామున, పాలవాళ్ల బండ్లు మొదలవకముందే రికార్డింగ్ పెట్టుకునేవాళ్లది మంచి నిర్ణయం. సబైన్ కూడా రాత్రులే ఎంచుకున్నాడు.

యూఎస్‌బీ మైకును నేరుగా కంప్యూటర్‌కు తగిలించుకోవచ్చు. ఒక్క గొంతుకు అది చాలు. తర్వాత పియానోకు ఇంకో మైకు కావాలనుకున్నప్పుడు చిక్కొస్తుంది. ప్రతి యూఎస్‌బీ మైకులో దాని గడియారం దానిదే, రెండింటినీ కలిపి నడపడం తలనొప్పి. పాట విడిగా పాడేవాళ్లకు యూఎస్‌బీ మైకు, ఎదగాలనుకునేవాళ్లకు ఇంటర్‌ఫేస్ అనుకుంటే రెండు వాదాలూ నిలుస్తాయి.

నిజమైన పియానో, కీబోర్డు, కంప్యూటర్లో పియానో

వాదాలు అన్నిటికన్నా ముదిరింది ఇక్కడే. మూడు పక్షాలున్నాయి.

మొదటి పక్షం నిజమైన పియానోను కోరుతుంది. పాత చర్చిల్లో, మిషనరీ బడుల్లో, కొన్ని ఇళ్లలో నిలువు పియానోలు ఇంకా ఉన్నాయి. వాటికి రెండు మైకులు, సిద్ధమైన గది, శ్రుతి చేసే మనిషి కావాలి. కోస్తా తేమకు పియానో చెక్క ఉబ్బి తంతుల శ్రుతి పైకి జరుగుతుంది, ఎండలకు మళ్లీ కిందికి దిగుతుంది. గోడకు ఆనించి ఉన్న పియానోను రెండు మూడు అడుగులు ముందుకు జరిపి, పైమూత తెరిచి మైకులు పెడితే పెట్టెలోని మూగతనం చాలావరకు పోతుంది. ఇది ఖర్చుతో కూడిన దారి. అయినా ఒక తీగ మోగితే పక్క తీగలు కూడా వణకడం ఇందులో నిజంగా జరుగుతుంది.

రెండో పక్షం డిజిటల్ పియానో శబ్దాన్ని కేబుల్ ద్వారా నేరుగా రికార్డు చేస్తుంది. మైకు అక్కర్లేదు, గది బాధ లేదు. మూడో పక్షం మిడి సమాచారాన్ని మాత్రమే తీసుకుని, కంప్యూటర్లోని పియానోతో మోగిస్తుంది. యమహా సీ5 గ్రాండ్ పియానో స్వరాలను పదహారు స్థాయుల బలంతో రికార్డు చేసిన సాలమాండర్ శబ్దకోశం ఉచితంగా దొరుకుతుంది. 2006లో వచ్చిన పియానోటెక్ అసలు రికార్డింగులే వాడదు, తీగ, సుత్తి, చెక్క ప్రవర్తనను లెక్కగట్టి శబ్దాన్ని పుట్టిస్తుంది, పాత కంప్యూటర్ మీద కూడా హాయిగా నడుస్తుంది. ఒక్క తప్పు స్వరం పడితే పాటంతా మళ్లీ వాయించనక్కర్లేదు, ఆ స్వరాన్ని జరిపితే చాలు.

మూడో పక్షం మీద రెండో పక్షం చేసే విమర్శ బరువైనది. వాయించేవాడి వేళ్లు తాను వింటున్న శబ్దానికి స్పందిస్తూ ఉంటాయి. కీబోర్డులోని మెత్తని పియానో వింటూ వాయించి, తర్వాత దాని చోట గట్టిగా మోగే గ్రాండ్‌ను పెడితే, మృదువుగా నొక్కిన చోట్ల శబ్దం బోలుగా, గట్టిగా నొక్కిన చోట్ల పరుషంగా వస్తుంది. దీనికి విరుగుడు ఉంది. ఏ శబ్దం చివరికి ఉంచాలనుకుంటున్నారో దాన్నే హెడ్‌ఫోన్లలో వింటూ వాయించాలి. అప్పుడు మెట్టు నొక్కడానికీ శబ్దం వినపడడానికీ మధ్య వచ్చే ఆలస్యం గురించి జాగ్రత్తపడాలి. 48 కిలోహెర్ట్జ్ వద్ద 256 శాంపిళ్ల బఫర్ అంటే ఐదు మిల్లీసెకన్ల పైచిలుకు, అంటే పియానోకు ఆరడుగుల దూరంలో కూర్చుని విన్నట్టు. దాన్ని వేళ్లు భరిస్తాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో ఆ ఆలస్యం తరచూ వంద మిల్లీసెకన్లు దాటుతుంది, వాటితో వాయించడం కుదరదు.

ఇంట్లో ఉన్నది అరవై ఒక్క మెట్ల కీబోర్డు అయితే, బరువు మెట్లున్న కొత్త డిజిటల్ పియానో కోసం ఆగనక్కర్లేదు. నొక్కిన బలాన్ని గుర్తిస్తే చాలు. ఒకటి మాత్రం ముందే చూసుకోవాలి. పాడే అమ్మాయిది ఐదున్నర శ్రుతి అయితే వాయించేవాళ్లు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి అలవాటైన మెట్ల మీదే వాయిస్తారు. కొన్ని కీబోర్డుల్లో ఆ మార్పు మిడిలోకి చేరుతుంది, కొన్నిటిలో చేరదు. రికార్డింగ్ అయ్యాక తెలిస్తే పాట ఒక శ్రుతిలో, పియానో ఇంకో శ్రుతిలో ఉంటాయి.

ఒకేసారా, విడివిడిగానా

పైన చెప్పిన అన్ని వాదాలూ ఈ కూడలికే చేరతాయి. ఒకేసారి పాడి వాయించాలనేవాళ్ల మాట బలమైనది. గాయకుడు ఒక పదం దగ్గర ఆగితే చేతులు కూడా ఆగుతాయి, ఊపిరి తీసుకునే క్షణంలో స్వరాలు వంగి దారి ఇస్తాయి. లయ చూపే క్లిక్ శబ్దానికి కట్టుబడి విడివిడిగా చేసిన రికార్డింగుల్లో ఆ వెసులుబాటు పోతుంది. పద్యంలాగా సాగే పాటల్లో ఈ నష్టం బాగా తెలుస్తుంది.

విడివిడిగా చేయాలనేవాళ్ల మాట ఆచరణలో నెగ్గుతుంది. నిజమైన పియానో దగ్గర గాయకుడి మైకు పెడితే పియానో అందులోకి పొంగుతుంది, గొంతు పియానో మైకుల్లోకి జారుతుంది. ఒక మైకుకు మరో మైకు, అది పట్టుకుంటున్న మూలానికి ఉన్న దూరానికి మూడు రెట్ల దూరంలో ఉండాలన్న పాత నియమం పడకగదిలో ఎలా పాటించగలం? డిజిటల్ పియానో అయితే ఈ బెడద తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. బరువు మెట్ల టకటకలు గొంతు మైకులోకి చేరతాయి. దీనికి మంచి ఉపాయం ఉంది. మైకును నోటి కంటే కాస్త కిందగా పెట్టి, దాని ముఖాన్ని పైకి నోటివైపు తిప్పాలి. కార్డియాయిడ్ మైకు వెనక వైపు చెవిటిది, ఆ చెవిటి వైపు మెట్ల మీదికి తిరుగుతుంది. స్టాండు పియానోకు తగలకుండా నేల మీద ఉండాలి.

ఇన్‌పుట్ల లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ కొన్నవాళ్లు డిజిటల్ పియానోను స్టీరియోలో కలిపితే గొంతుకు చోటు మిగలదు. యమహా పి-45 లాంటి వాటిలో లైన్ అవుట్ అసలు ఉండదు, హెడ్‌ఫోన్ జాకు, యూఎస్‌బీ మాత్రమే ఉంటాయి. పియానోను యూఎస్‌బీ మిడిగా తీసుకుంటే ఈ చిక్కు విడిపోతుంది: రెండు చేతులూ, గొంతూ ఒకేసారి, అయినా దేని ట్రాకు దానిదే. తక్కువ డబ్బులో రెండు పక్షాల మేలూ దక్కేది ఈ ఒక్క దారిలోనే. అందుకే ఈ సమీక్ష మొగ్గు దానివైపే.

గమకం, సవరణ

1997లో ఆటో-ట్యూన్, 2001లో మెలోడైన్ వచ్చాక శ్రుతి దిద్దడం తేలికైంది. పాశ్చాత్య పద్ధతి పాటకు దీని మీద పేచీ కొంచెమే. తెలుగు పాటలో అలా కాదు. పియానో సెమీటోన్లను సమానంగా పంచుతుంది. తంబురాతో కలిసే అంతర గాంధారం పియానో గాంధారం కంటే 14 సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు) కింద ఉంటుంది. మంచి గాయకులు ఆ కొంచెం కిందనే నిలబడతారు. సాఫ్ట్‌వేర్‌కు అది తప్పులా కనిపించి పైకి లాగుతుంది. గమకాన్నయితే మెట్లు మెట్లుగా నరికేస్తుంది. దిద్దాలనేవాళ్లు నిలిచిన దీర్ఘ స్వరాలకే దిద్దుబాటు పరిమితం చేయాలి. వద్దనేవాళ్లు మళ్లీ పాడడమే దిద్దుబాటు అంటారు. తెలుగు పాటకు రెండోదే సరైనది.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ఐదు వేలలోపు ఉన్నవాళ్లకు ఫోను, ఒక స్టాండు, బొంతలు, నిశ్శబ్దమైన వేళ చాలు. పాతిక వేల చుట్టూ అయితే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, ఒక మైకు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, గొంతు ముందు పెట్టే పాప్ ఫిల్టర్ వస్తాయి. ఆ పైన మిగిలితే రెండో మైకు కంటే ముందు పాత కీబోర్డు స్థానంలో బరువు మెట్ల డిజిటల్ పియానో. స్పీకర్లు చివరికి. సిద్ధం చేయని గదిలో అవి కింది స్వరాల గురించి అబద్ధం చెబుతాయి.

పేరుపొందిన ఉదాహరణలు ఇక్కడ కొంత తప్పుదారి పట్టిస్తాయి. అమెరికన్ గాయని బిల్లీ ఐలిష్ 2019 ఆల్బమ్ పడకగదిలో తయారైందని అందరూ చెప్పుకుంటారు. అక్కడ వాడిన న్యూమన్ టీఎల్ఎం 103 మైకు చవకది కాదు. పడకగది అన్నంత మాత్రాన తక్కువ ఖర్చు కాదు.

ఒక్క రూపాయి ఖర్చు లేనివి కొన్ని ఉన్నాయి. రికార్డింగ్‌లో 50 హెర్ట్జ్ గుంయ్‌మంటే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడాలి. రెండు పిన్నుల ప్లగ్గుకు ఎర్త్ ఉండదు. చవక ఇన్వర్టర్ మీద కరెంటు నడుస్తున్నప్పుడు రికార్డు చేయకూడదు. 24 బిట్లలో రికార్డు చేస్తూ, శిఖరాలు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఉండేలా చూసుకోవాలి. ఎర్ర గీత దాకా నింపాలన్న అలవాటు టేపు కాలంది, ఇప్పుడు దాని అవసరం లేదు.

ఇంకా తేలనివి

96 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటుతో రికార్డు చేయాలా అన్న వాదం ఇంకా చల్లారలేదు. పియానో మీది చివరి స్వరం మూలస్థాయి 4186 హెర్ట్జే, దాని అనుస్వరాల్లో (హార్మోనిక్స్) చెవికి వినిపించేవన్నీ 48 కిలోహెర్ట్జ్‌లోనే పట్టుబడతాయి. 48 చాలన్న పక్షమే సబబుగా కనిపిస్తుంది. శబ్దస్థాయి గురించి కూడా ఒప్పందం దగ్గరపడింది. స్పాటిఫై, యూట్యూబ్ తమ వంతుగా పాటలను బిగ్గరతనపు కొలతలో మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ చుట్టూ సర్దుతున్నాయి, బిగ్గరగా నొక్కిపెట్టిన పాటకు దక్కేదేమీ లేదు.

నిజంగా తేలనిది కొత్తది. 2019లో డీజర్ సంస్థ స్ప్లీటర్ విడుదల చేసినప్పటి నుంచి, కలిసిపోయిన రికార్డింగ్‌లోంచి గొంతునూ పియానోనూ విడదీసే సాఫ్ట్‌వేర్లు ఏటేటా మెరుగుపడుతున్నాయి. ఇవి బాగా నడిస్తే ఒకే మైకు ముందు కూర్చుని పాడి వాయించి, తర్వాత కంప్యూటర్లో రెంటినీ వేరుచేసుకోవచ్చు. అప్పుడు ఈ వ్యాసం మొదట్లో వేసిన ప్రశ్న బరువు తగ్గుతుంది. ప్రస్తుతానికి ఆ యంత్రాలు ఒకచోట తడబడుతున్నాయి. పాడేవాళ్లు "ఆ" అని దీర్ఘం తీస్తుండగా దాని కిందే పియానో పెడల్ తొక్కి పట్టినప్పుడు రెండూ ఒకే గదిలో ఒకే మోతను పంచుకుంటాయి. ఆ మోతలో ఏ భాగం గొంతుది, ఏ భాగం తీగలది అన్నది యంత్రానికి ఇంకా తెలియడం లేదు. గోడకు బొంతలు ఆనించిన చిన్న గదిలో ఆ పంచుకునే మోత తక్కువ కాబట్టి, విడదీసిన గొంతు అక్కడ శుభ్రంగా వస్తోంది.